మాటిమాటికీ జబ్బుపడే బిడ్డ, కుదురుగా కూర్చోలేని బిడ్డ
(సొసైటీ వార్షిక సభలో ఒక పిల్లల వైద్యుని ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. నేను ఒక్క పిల్లవాడి గురించే చెబుతాను. ఆ పిల్లవాడి విషయంలో పొరపాటు చేసింది నేనే కాబట్టి, దాన్ని మీ ముందు ఒప్పుకోవడం మంచిదనుకుంటున్నాను.

ఆ బాబు మూడో ఏట నుంచి నా దగ్గరికి వచ్చేవాడు. ఒక నెల చెవిలో చీము, ఇంకో నెల జలుబు, దగ్గు. వచ్చిన ప్రతిసారీ యాంటీబయాటిక్ రాసి పంపాను. బడిలో చేరాక ఇంకో ఫిర్యాదు మొదలైంది. ఒక్కచోట కూర్చోడు, చెప్పింది వినడు, పక్కవాడి పుస్తకం లాగుతాడు. మక్తబ్‌లోనూ అదే మాట, సబఖ్ గుర్తుండదని. తండ్రి మెకానిక్. అలసిపోయి ఇంటికొచ్చి, ఫిర్యాదు విని, చెయ్యి చేసుకునేవాడు. ఒకరోజు ఆ తల్లి నా చీటీలన్నీ, బడి డైరీ ఒకే సంచిలో పెట్టుకొచ్చి, "డాక్టర్ సాబ్, ఈ రెండూ ఒకటే జబ్బేమో చూడండి" అంది. నేను నవ్వేశాను. చెవికీ చదువుకీ సంబంధమేమిటమ్మా అన్నాను.

ఆ ఏడాదిలోనే బాబుకు రెండోసారి న్యుమోనియా వచ్చింది. అప్పుడు కూర్చుని, పుట్టినప్పటి నుంచి ఏం జరిగిందో మొత్తం అడిగాను. గుండెలో రంధ్రానికి పసితనంలోనే ఆపరేషన్ అయింది. పుట్టిన వారంలో ఫిట్స్ వచ్చాయి, కాల్షియం తక్కువని చెప్పారట. మాట ముక్కుతో వచ్చినట్టుంటుంది. ఇవన్నీ ఐదేళ్లుగా నా కళ్లముందే ఉన్నాయి. నేను అడగలేదు, అంతే.

పరీక్షలో తేలింది, 22వ క్రోమోజోములో చిన్న ముక్క లేదని. దీన్ని డిజార్జ్ సిండ్రోమ్ అంటారు. 1965లో అమెరికా వైద్యుడు ఏంజెలో డిజార్జ్ దీని లక్షణాలను గుర్తించారు. సుమారు 4,000 మంది శిశువుల్లో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. రోగాలతో పోరాడే టి కణాలు తయారయ్యేది అక్కడే. ఈ పిల్లల్లో ఆ గ్రంథి సరిగా ఎదగదు, అందుకే ఇన్ఫెక్షన్లు. అదే ముక్కలోని జన్యువులు మెదడు ఎదుగుదలకూ కావాలి. అందుకే వీళ్లలో మూడోవంతుకు పైగా పిల్లలకు శ్రద్ధ నిలవని సమస్య, అంటే ఏడీహెచ్‌డీ, కనిపిస్తుంది. ఆ తల్లి అడిగింది నిజమే. రెండింటికీ వేరు ఒకటే.

రిపోర్టు చదివి చెప్పాక ఆమె అడిగిన మొదటి మాట మందు గురించి కాదు. "అయితే మావాడు షైతాన్ కాదన్నమాట" అంది. ఆ మాట నేను మరచిపోలేదు.

ఈ సంబంధం ఒక్క డిజార్జ్‌తో ఆగదు. స్వీడన్‌లో 1973 నుంచి 2013 దాకా దాదాపు 1 కోటి 40 లక్షల మంది ఆరోగ్య రికార్డులు పరిశీలించారు. వారిలో 8,378 మందికి పుట్టుకతో యాంటీబాడీల లోపం ఉంది. మిగతావారితో పోలిస్తే వీరిలో ఏదో ఒక మానసిక సమస్య ఉండే అవకాశం దాదాపు రెట్టింపు, ఆటిజం దాదాపు మూడు రెట్లు. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పోల్చినా ఆ తేడా తగ్గింది గానీ పోలేదు.

కారణాలు ఒక్కటి కావు. కొన్నిచోట్ల జన్యువే. కొన్నిచోట్ల ఒంట్లో ఎడతెగని వాపు మెదడు మీద పనిచేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఇంకొన్నిచోట్ల దారి చాలా మామూలుది. చెవిలో నీరు నిలిస్తే పాఠం వినపడదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగితే రాత్రి గురక, పగలు చిరాకు. నెలకు వారం బడి పోతే ఏ పిల్లవాడైనా వెనకబడతాడు. అప్పుడు ఏడీహెచ్‌డీ లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అల్లరి చేసే ప్రతి బిడ్డకూ రోగనిరోధక లోపం ఉండదు. చాలామందికి ఉండదు. కాబట్టి ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే పొడులు, టానిక్కులు కొనకండి. అవి ఈ జబ్బును నయం చేయవు. టీకాలు మానకండి. లోపం తేలిన బిడ్డకు మాత్రం ఏ టీకా వేయాలో, ఏది ఆపాలో వైద్యుడు చెబుతాడు.

మరి ఎప్పుడు అనుమానించాలి? ఏడాదిలో నాలుగు లేక అంతకు మించి చెవి ఇన్ఫెక్షన్లు, రెండు న్యుమోనియాలు, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం, బరువు పెరగకపోవడం, లోతుగా మళ్లీమళ్లీ గడ్డలు, ఇంట్లో ఇంకొకరికి ఇలాంటి లోపం ఉండడం. వీటిలో రెండు కనిపిస్తే రక్తపరీక్ష అడగండి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లయిన ఇళ్లలో కొన్ని తీవ్రమైన లోపాలు ఎక్కువ. అక్కడ ఇంకాస్త జాగ్రత్త అవసరం. డిజార్జ్ మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి కొత్తగా వచ్చేదే. అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు.

సొసైటీకి నా మనవి మూడు మాటలు. మన ఉచిత వైద్య శిబిరాల్లో దగ్గు, జ్వరంతో పాటు బడి ఎలా సాగుతోందని కూడా అడుగుదాం. పేద బిడ్డకు రక్తపరీక్ష, వినికిడి పరీక్ష ఖర్చు మన నిధి నుంచి ఇద్దాం. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఉన్న సత్వర చికిత్సా కేంద్రానికి ఆ బిడ్డను మనవాళ్లే ఒకరు వెంటబెట్టుకు వెళ్లాలి. చీటీ చేతికిచ్చి పంపితే, దినకూలీ పోతుందని చాలామంది వెళ్లరు.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాను. చెవిలో నీరు తీశారు, కాల్షియం మొదలుపెట్టాం. గుండె పరీక్ష చేయించాకే ఏడీహెచ్‌డీకి మందు, దానితోపాటు శిక్షణ ఇచ్చారు. టీచరమ్మ వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఒకసారికి ఒక్క పని మాత్రమే చెబుతోంది. లెక్కల్లో ఇప్పటికీ వెనకే. కానీ ఇంట్లో దెబ్బలు ఆగాయి. తండ్రి ఒకరోజు ఆసుపత్రికి వచ్చి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాడు. నేనూ ఏమీ అనలేదు. ఇద్దరిదీ ఒకటే తప్పు.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, వాళ్ల మాట వినే ఓపికను మనకూ ప్రసాదించుగాక. ఆమీన్.