కుందేటికొమ్ముల పెంపకము



కుందేలుకు కొమ్ములు లేవు. లోకములో లేని వస్తువును కుందేటికొమ్మని మనవారు అందురు. కాని ఆ పేరుగల మొక్క మన మెట్టగుట్టలయందు నిజముగానే గలదు. అది పేరునకు తగినట్లు మాటలోనే మిగిలిపోకుండ కాపాడుట ఎట్లు? వల్లూరు పరిసర గ్రామముల పెద్దలకు మేము విన్నవింపదలచినది ఇదియే.

మేకలు కాయువారు దీని నెరుగుదురు. ఆకులు లేని పలకల కాడలు ముళ్ళపొద నీడలో ఒదిగి నిలుచును. దీనినే కారల్లమనియు అందురు. విలియం రాక్స్‌బరో అను వైద్యుడు సామర్లకోటలో నుండి ఈ తీరపు మొక్కలను పరిశీలించి, 1795లో వెలువడసాగిన తన గ్రంథములో ఈ తెలుగు పేరును చేర్చెను. 1810లో రాబర్ట్ బ్రౌన్ దానినే ఒక ప్రజాతికంతకు పెట్టెను. ఆఫ్రికా, అరేబియా దేశముల మొక్కలు సైతము నేడు మన పల్లె పేరుతో కారల్లుమా అని పిలువబడుచున్నవి.

చూచుటకు జెముడువలె నున్నను ఇది జెముడు కాదు. బొమ్మజెముడును గిల్లినచో పాలు కారును. దీనికి నీరువంటి రసమే వచ్చును. నాగజెముడు అమెరికానుండి వచ్చి మన పొలములను ఆక్రమించినది. దానిని అణచుటకు 1926లో సింహళమునుండి ఒక పురుగును తెప్పించవలసి వచ్చెను. పరదేశపు మొక్క అంత వేగముగా ప్రబలగా, ఇచటిదైన కారల్లము మెల్లమెల్లగా పెరుగును. ఇది పగటి యెండలో తన రంధ్రములను మూసికొని రాత్రివేళ గాలి పీల్చును. నీరు మిగులును గాని పెరుగుదల తగ్గును. అందుచేత ఒక గుబురును పెరికివేసినచో ఆ లోటు త్వరలో పూడదు.

పెరికివేయుటకు కారణములు లేకపోలేదు. కరవు నాళ్ళలో పేదలు దీనిని తినిరి. అది తప్పు కాదు. నేడు స్థూలకాయము తగ్గునని చెప్పుచు దీని సారమును దేశదేశములలో అమ్ముచున్నారు. బేరగాడు వచ్చినప్పుడు కూలివాడు వేళ్ళతోసహా లాగును. ముళ్ళపొదను కొట్టివేసినను ఇది యెండకు మాడిపోవును.

పెంచుట కష్టము కాదు, ఓపిక కావలెను. తోటలోనో పెరటిలోనో ఉన్న మొక్కనుండి కణుపు వద్ద ఒక కాడను కోసి, గాయము ఆరువరకు వారము దినములు నీడలో నుంచవలెను. పచ్చిగాయముతో నాటినది కుళ్ళును. అడుగున చిల్లిగల కుండలో ఎఱ్ఱమట్టి, ముతక ఇసుక, గులకరాళ్ళు కలిపి నింపి నాటవలెను. పచ్చిపేడ పనికిరాదు. మన్ను పూర్తిగా ఎండిన పిదపనే నీరు పోయవలెను; చలికాలమున మరింత తగ్గింపవలెను. కరవుసీమవారికి చెప్పవలసిన మాట కాదు గాని, ఈ మొక్క దప్పికతో చచ్చుటకంటె నీరెక్కువై చచ్చుటయే అధికము. పిండినల్లి పట్టినచో తడిగుడ్డతో తుడిచిన చాలును.

ఊదా రంగు పూలు ఈగలను ఆకర్షించును. జంటకాయలు పగిలినప్పుడు గింజలు జిల్లేడు దూదివలె ఎగిరిపోవును. జిల్లేడు దీనికి చుట్టమే. కాబట్టి కాయ ముదరగానే పలుచని గుడ్డ కట్టి, గింజలను తాజాగానే ఇసుకలో చల్లవలెను.

ఇక పంచాయతీ పని. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థయందు ఒక కమిటీ ఏర్పడవలెను; అది ప్రజా జీవవైవిధ్య రిజిష్టరు వ్రాయవలెను. మీ రిజిష్టరులో ఈ మొక్క చేరినదా? చేరనిచో గొఱ్ఱెల కాపరులను కూర్చుండబెట్టుకొని వ్రాయుడు. పాఠశాల తోటలో పది కుండలు పెట్టించుడు. పంచాయతీ బంజరులో ముళ్ళకంప నరికించునప్పుడు మొదట క్రింద వంగి చూడుమని కూలివారికి చెప్పుడు. అడవి భూమినుండి మాత్రము అనుమతి లేక ఒక్క కాడయు తీయరాదు. మరియొక జాగ్రత్త: గుబురులున్న చోటు రిజిష్టరులో నుండవలెను గాని, నోటీసు పలకపై వ్రాయరాదు.