చక్రం వదులైతే చమురు ఎక్కడికి పోయినట్టు?



మన తీరంలో వేటకు పోయే చిన్న ఫైబరు పడవలు చాలావాటికి స్టీరింగు చక్రం ఉండదు. ఇంజను పిడి పట్టుకునే తిప్పుతారు. జనాన్ని షికారు తిప్పే మోటారు బోట్లకు మాత్రం చక్రం ఉంటుంది. కొన్నిటిలో చక్రం నుంచి ఇంజను దాకా తీగ ఉంటుంది. కొన్నిటిలో చమురు పనిచేస్తుంది. దీన్నే హైడ్రాలిక్ స్టీరింగు అంటారు. ఈ రోజు దాని సంగతే చెబుతాను.

ఇటు చూడండి. సూదులు తీసేసిన సిరంజీలు రెండు తెచ్చాను. సన్నటి గొట్టంతో కలిపి నీళ్లు నింపాను. ఒకదాన్ని నొక్కితే రెండోది లేస్తోంది. చూశారా? బోటులోనూ ఇంతే. చక్రం వెనక చిన్న పంపు ఉంటుంది. ఇంజను దగ్గర సిలిండరు ఉంటుంది. మధ్యన రెండు గొట్టాలు. చక్రం తిప్పితే చమురు వెళ్లి ఇంజనును పక్కకు నెడుతుంది.

ఇప్పుడు గొట్టంలోకి కాస్త గాలి ఎక్కించాను. నొక్కండి. మెత్తగా ఉంది కదూ? చమురు అణగదు, గాలి అణుగుతుంది. మన బలమంతా గాలిని అణచడానికే సరి.

చక్రం మెత్తగా తిరుగుతోందా? వదిలితే వెనక్కి తన్నుతోందా? ఈ కొస నుంచి ఆ కొసకు మునుపు అయిదు చుట్లు పట్టేది, ఇప్పుడు ఏడు పడుతోందా? అయితే లోపల గాలి చేరిందన్నమాట.

అప్పుడు చాలామంది మూత తీసి చమురు పోస్తారు. బాగైందనుకుంటారు. పది రోజులకు మళ్లీ పోస్తారు. ఇదే ప్రమాదం! ఈ చమురు డీజిలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. ఆ చోటు వెతక్కుండా పోస్తూ పోతే, ఒకనాడు ఏటి నడుమ చక్రం ఉత్తినే తిరుగుతుంది. బోటు నిండా పిల్లాజెల్లా ఉంటారు.

ఎలా వెతకాలి? అంతా పొడిగుడ్డతో తుడవండి. ఒకరు చక్రాన్ని కొసదాకా తిప్పి బిగపట్టాలి. ఇంకొకరు మూడు చోట్ల చూడాలి. చక్రం ఇరుసు దగ్గర, గొట్టాల అతుకుల దగ్గర, సిలిండరు కడ్డీ బయటికొచ్చే చోట. తరచు కారేది ఈ కడ్డీ దగ్గరే. అక్కడ రబ్బరు సీలు ఉంటుంది. కడ్డీకి ఉప్పు పట్టి గరుకెక్కితే సీలు కోసుకుపోతుంది. అందుకే సముద్రంలో తిరిగొస్తే మంచినీళ్లతో కడగాలి. సీలు పోతే మార్చాల్సిందే. గుడ్డపీలిక చుడితే ఆగదు.

ఏ చమురు పోయాలి? స్టీరింగు తయారుచేసినవాళ్లు చెప్పిందే. డబ్బా మీది పేరు మీరే కూడబలుక్కుని చదవండి. కొట్టువాడు ఇచ్చాడని బ్రేకు ఆయిలు పోశారో, సీళ్లు పాడవుతాయి. ఎప్పుడు ఎంత పోశారో తేదీ వేసి రాసుకోండి. ఆ లెక్కే మీకు కారుడు సంగతి చెబుతుంది.

చక్రం బిగుసుకుపోతే అది వేరే జబ్బు. సిలిండరును ఇంజను నుంచి విడదీయండి. ఇంజనును చేత్తో అటూ ఇటూ తిప్పండి. ఇంజనే కదలకపోతే చమురు తప్పు లేదు. ఇంజను తిరిగే ఇరుసులో పాత గ్రీజు గట్టిపడింది. ఇంజను తేలిగ్గా తిరుగుతోందా? గొట్టం ఎక్కడన్నా మడతపడిందేమో, కడ్డీ వంగిందేమో చూడండి.

నడి నీళ్లలో స్టీరింగు పోతే మొదట వేగం తగ్గించండి. వేగంలో బోటు తనంతట తనే గిర్రున తిరగొచ్చు. అందరినీ కూర్చోబెట్టండి. లంగరు వేయండి. లైఫ్ జాకెట్లు అప్పుడు వెతుక్కునేవి కావు, ఎక్కేటప్పుడే తొడగాలి.

ఇక గాలి తీయడం. సిలిండరు రెండు కొసలా చిన్న మరలు ఉంటాయి. ముందు పంపుకు చమురు సీసా తగిలించాలి. అది ఖాళీ కాకూడదు. ఒకరు మర వదులు చేసి కడ్డీని కదలకుండా పట్టుకోవాలి. ఒకరు చక్రం మెల్లగా తిప్పాలి. ఎటు తిప్పాలో బోటుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బుడగలు పోయి ఒట్టి చమురే రావాలి. చక్రం తిరుగుతుండగానే మర బిగించాలి. తర్వాత రెండో పక్క.

రేవులో బోటు కట్టేసి ఉంది. ఇద్దరు రండి. ఒకరు చక్రం దగ్గర, ఒకరు ఇంజను దగ్గర నిలబడండి.