పునాదికి ముందే గాలి లెక్క

సింగపూర్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వ గృహమండలి కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఉక్కపోత నగరం కదా, అక్కడ కొత్త కాలనీలకు పునాది తవ్వకముందే కంప్యూటర్‌లో గాలి వీయించి చూస్తారు.

కట్టబోయే బ్లాకులనూ, చుట్టుపక్కల భవనాలనూ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. వాటి నడుమ గాలిని లక్షల చిన్న గళ్ళుగా విడగొట్టి, రుతుపవనాలు వచ్చే దిక్కులిచ్చి, ఒక్కో గడిలో వేగం, పీడనం లెక్కకట్టిస్తారు. ఆధారం ప్రవాహాల కదలికను వర్ణించే 19వ శతాబ్దపు నేవియర్-స్టోక్స్ సమీకరణాలే.

గాలి తగిలే గోడ దగ్గర పీడనం ఎక్కువ, వెనక గోడ దగ్గర తక్కువ. ఆ తేడాయే గాలిని ఇంట్లోంచి నడిపిస్తుంది. అందుకే ఎదురెదురు కిటికీలుండాలి. ఒకే గోడకు ఎంత పెద్ద కిటికీ పెట్టినా లాభం తక్కువే. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం పెట్టిన మన పాతకాలపు మేస్త్రీలకు ఇది తెలియనిదేం కాదు. కాకపోతే వాళ్ళకి పక్కన ఇరవై అంతస్తుల టవర్ అడ్డులేదు!

ఇక మన హైదరాబాద్‌కి వస్తే, వానాకాలం గాలి ఎక్కువగా పడమటి నుంచే వస్తుంది. ఫ్లాటు కొనేటప్పుడు వాస్తుతోపాటు ఈ గాలి లెక్క కూడా బిల్డర్‌ని అడగండి. పడగ్గది తలుపు తీసి లెక్క వేశారో, మూసి వేశారో చూసుకోండి. తలుపు మూస్తే ఫలితం బాగా మారిపోతుంది.