ఉన్ని ఏకే మిషన్ మన చేతికి తగ్గట్టు ఉండాలి
(వార్షిక మహాసభలో మా సంఘం తరఫున మాట్లాడిన మాటలు)

మాకు పది నిమిషాల టైం ఇచ్చిండ్రు. పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇంతకుముందు అక్కలు చెప్పిండ్రు కాబట్టి మేము ఒక్క విషయమే మాట్లాడుతం. అది ఉన్ని ఏకే మిషన్. ఈ సంవత్సరం మా ఊరి సంఘాలన్నీ కలిసి ఈ మిషన్ కోసం అప్పు తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవాలి. అందుకే మేము చూసింది, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నం.

మన దిక్కు గొంగడి పని ఎట్ల నడుస్తదో చాలామందికి తెలుసు. దక్కని గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తరు. ఆ ఉన్నిని ఏరాలి, దులపాలి, ఏకాలి. ఏకిన ఉన్నిని ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతరు. మగవాళ్లు గుంత మగ్గం మీద నేస్తరు. పడుగుకు చింతగింజల గంజి పెడతరు. మహబూబ్‌నగర్, నారాయణపేట, మెదక్ దిక్కు, అటు అనంతపురం దిక్కు కూడా ఈ పని తరతరాల నుంచి ఉన్నది. వడికే చేతులు ఇంకా ఉన్నాయి, నేసే చేతులు కొన్ని ఉన్నాయి. మధ్యలో ఏకే పని దగ్గరనే బండి ఆగుతున్నది. విల్లు పట్టి ఏకేవాళ్లు ముసలివాళ్లయిండ్రు. ఉన్ని మూటలు ఇంట్ల ఉంటయి, రాట్నం ఖాళీగా ఉంటది. వడికే మనిషికి పని లేకుంట పోయిన రోజు కూలి ఎవరూ తిరిగి ఇయ్యరు.

ఏకుడు అంటే ఏంది? చిక్కుపడి ముద్దగా ఉన్న పోగులను ఒక్కొక్కటి విడదీసి, చెత్త రాలగొట్టి, అన్నీ ఒక తీరుగా పరచడం. నరం కట్టిన విల్లును ఉన్ని మీద పట్టి కొయ్య గుండుతో కొడితే ఆ నరం అదురుకు పోగులు విడిపోతయి. దూదికీ ఇదే పద్ధతి. మనకు తెలిసిన దూదేకుల వాళ్లకు ఆ పేరు ఈ పని నుంచే వచ్చింది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో మన అక్కచెల్లెళ్లు సన్న ఖద్దరు కోసం వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతరు. ఆ దవడకు ఉండే సన్నని పళ్లే వాళ్లకు దువ్వెన. ఇంగ్లీషువాళ్లు ఈ పనిని కార్డింగ్ అంటరు. ఆ మాట ముళ్ల మొక్క పేరు నుంచి వచ్చిందట. అంటే ఏ దేశంల అయినా మొదట ముల్లునో, పన్నునో, నరాన్నో పట్టుకొనే ఈ పని మొదలుపెట్టిండ్రు.

మిషన్ సంగతికి వస్తే, ఇంగ్లండులో 1748లో లూయిస్ పాల్ అనే ఆయన చేతితో తిప్పే ఏకుడు యంత్రానికి పేటెంటు తీసుకున్నడు. దాంట్ల ఒక ఇబ్బంది ఉండె. పళ్ల మీద నిండిన దూదిని తీయాలంటే మిషన్ ఆపి చేతితో తీయాలి. తర్వాత ముందుకు వెనక్కు ఊగే ఒక దువ్వెన పెట్టిండ్రు. అది ఏకిన దూదిని ఆపకుంట గీకి తీస్తది. 1775లో ఆర్క్‌రైట్ అనే ఆయన దీన్ని కూడా కలిపి తన పేరు మీద పేటెంటు చేయించుకున్నడు. అది నా ఆలోచన, అది మా ఇంటి పని అని వేరేవాళ్లు కోర్టుకు పోయిండ్రు. 1785లో ఆ పేటెంటును కోర్టు కొట్టేసింది. ఈ కథ ఎందుకు చెప్తున్నమంటే, మిషన్ బాగుపడేది ఎప్పుడూ పనిచేసే చోట వచ్చిన ఇబ్బంది నుంచే. పనిచేసేది మనం. ఇబ్బంది తెలిసేది మనకు. అందుకని మిషన్ ఎట్ల ఉండాలో చెప్పే హక్కు కూడా మనకు ఉన్నది.

మిషన్ లోపల ఏం జరుగుతదో ఇప్పుడు చెప్తం. భయపడేటంత కష్టం ఏమీ లేదు. ఒక పెద్ద డోలు ఉంటది. దాని చుట్టూ సన్న తీగ పళ్లు నాటిన పట్టీ చుట్టి ఉంటది. ఆ డోలు మీద చిన్న చిన్న రోలర్లు ఉంటయి. వాటికి కూడా పళ్లే. రెండింటి పళ్ల మొనలు ఎదురెదురుగా ఉంటే మధ్యలో పోగు సాగి విడిపోతది. ఒకదాని మొన ఇంకొకదాని పళ్ల వీపుకు తగిలితే పోగును గీకి తీసుకుంటది. ఒక రోలరు విడదీస్తది, పక్క రోలరు తీసి మళ్లీ డోలుకు అందిస్తది. చివరికి నిదానంగా తిరిగే ఇంకొక డోలు ఆ పోగులను పలుచని పొరగా ఎత్తుకుంటది. ఊగే దువ్వెన ఆ పొరను విడిపిస్తది. మొత్తం పని ఇంతే.

అయితే పత్తి మిషన్ వేరు, ఉన్ని మిషన్ వేరు. పత్తి పోగు పొట్టిది, సన్నది. దానికి పళ్ల మధ్య సందు చాలా తక్కువ ఉండాలి. రోలర్లకు బదులు పైన పళ్ల పలకలు ఉంటయి. ఉన్నికి ఆ సందు పెడితే పోగు తెగుతది. అందులో మన దక్కని ఉన్ని ముతకది. బయటి దేశాల మెత్తని ఉన్ని కోసం చేసిన మిషన్ల మన ఉన్ని పెడితే సన్న పళ్లు వంగిపోతయి, పోగు ముక్కలయితది. పోగు ముక్కలయితే వడికేటప్పుడు దారం ఊరికే తెగుతది. తప్పు వడికే మనిషిదని మాట వస్తది.

కిందటి ఏడాది ఒక కంపెనీ వాళ్లు మా దగ్గరికి మిషన్ కాగితాలు పట్టుకొని వచ్చిండ్రు. బొమ్మల పుస్తకం చూపిచ్చి అడ్వాన్సు కట్టమన్నరు. మా ఉన్ని పెట్టి తిప్పి చూపిస్తేనే పైసలు అని మేము చెప్పినం. నలుగురం కలిసి మూడు మూటలు పట్టుకొని పోయినం. మూడింట్లో ఉన్ని ఒకే గొర్ల మంద నుంచి తీసిందే. మొదటి మూటలో కత్తిరించింది కత్తిరించినట్టే ఉన్నది. రెండో మూటలో కడిగి ఆరబెట్టిన ఉన్ని. మూడో మూటలో కడిగి, పల్లేరుకాయలు ఏరి, కర్రతో దులిపి, చేతులతో విప్పి, కొంచెం నూనె నీళ్లు చల్లి రాత్రంతా మూట కట్టి ఉంచిన ఉన్ని.

మొదటి మూట పెట్టంగనే మట్టి, జిడ్డు కలిసి పళ్ల నిండా పట్టింది. పల్లేరుకాయ ఒకటి పడి పళ్లు వంగినయి. మిషన్ ఆపి శుభ్రం చేసిండ్రు. రెండో మూట కొంత నయం, కాని ఉన్ని మరీ పొడిగా ఉండి చేతికి, రోలరుకు అంటుకొని లేచింది. పోగు తెగింది. మూడో మూట పొర పొరగా వచ్చింది. కాని అంచులు మందంగా, నడుమ పలుచగా వచ్చింది, ఎందుకంటే లోపలికి ఉన్ని అందించేది గుప్పెడు గుప్పెడుగా పెట్టిండ్రు. దీంతో మాకు రెండు సంగతులు తెలిసినయి. మిషన్ బాగుండాలంటే మిషన్ కంటే ముందు జరిగే పని బాగుండాలి. ఆ మిషన్ మాత్రం మా ఉన్నికి తగింది కాదు. అడ్వాన్సు కట్టకుంట వాపసు వచ్చినం.

తర్వాత సంఘంల కూర్చొని మాకు కావాల్సిన మార్పులు రాసుకున్నం. అవి మీకు కూడా పనికొస్తయని చదువుతున్నం.

ఒకటి, ఏకే మిషన్ ముందు దులిపే పెట్టె ఒకటి వేరుగా ఉండాలి. జాలి అడుగు ఉన్న పెట్టెలో మేకులు కొట్టిన ఇరుసు తిరిగితే మట్టి, పెంట కిందికి రాలుతయి. ఇది ఊరి వెల్డింగ్ షాపుల కూడా చేయించుకోవచ్చు.

రెండు, ఉన్నిని అందించే పట్టీ వెడల్పుగా ఉండాలి. దాని మీద గీతలు గీయాలి. ఒక్కొక్క గడిలో ఇంత తూకం అని పరిస్తే పొర ఒక తీరుగా వస్తది.

మూడు, పళ్లు మందంగా ఉండాలి. సందును బోల్టుతో మనమే పెంచుకునేటట్టు, తగ్గించుకునేటట్టు ఉండాలి. పళ్ల పట్టీ అరిగితే మొత్తం డోలు కాకుంట పట్టీ ఒక్కటే మార్చుకునే వీలుండాలి.

నాలుగు, సింగిల్ ఫేజు మోటారుతో నడవాలి. మూడు ఫేజుల కనెక్షన్ అంటే దానికి మళ్లీ వేరే ఖర్చు.

ఐదు, బెల్టులకు, చైన్లకు, రోలర్లకు పూర్తిగా మూత ఉండాలి. మూత తీస్తే మోటారు తానే ఆగిపోవాలి. ఆపే బటన్ కూర్చున్న మనిషి చేతికి అందాలి. ఈ మాట మేము గట్టిగా చెప్తున్నం. మనం చీర కట్టుకుంటం, జడ వేసుకుంటం, చేతికి గాజులు ఉంటయి. రోలరుకు కొంగు చిక్కితే చెయ్యి పోయేదాక ఆగదు. మిషన్ దగ్గర కొంగు నడుముకు దోపాలి, జడ ముడి వేయాలి.

ఆరు, దుమ్మును బయటికి లాగే ఫ్యాను ఉండాలి, ముక్కుకు గుడ్డ ఉండాలి. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులకు ఛాతీ బిగబట్టే జబ్బు వస్తది. సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజు ఎక్కువ బాధ పెడతదని డాక్టర్లు చెప్తరు. ఉన్నిలో ఇంకొక ప్రమాదం ఉన్నది. దొమ్మరోగంతో చచ్చిన గొర్రె ఉన్నిలో ఆ రోగం ఏళ్ల తరబడి ఉంటది. మనుషులకు కూడా అంటుతది. కాబట్టి చచ్చిన గొర్రె ఉన్ని ఎంత అగ్గువకు వచ్చినా మన మిషన్ దగ్గరికి తేవద్దు.

ఇప్పుడు పైసల లెక్క. ఇది ఉదాహరణ మాత్రమే. కిలోకు 20 రూపాయల ఏకుడు కూలి అనుకుందాం. రోజుకు 15 కిలోలు వస్తే 300. మిషన్ నడిపే మనిషి కూలికే చాలదు. అదే నాలుగైదు ఊర్ల ఉన్ని కలిసి రోజుకు 40 కిలోలు వస్తే 800. అందుల కూలి 400, కరెంటు, నూనె, రిపేరు 150 తీస్తే 250 మిగులుతది. నెలకు 20 రోజులు నడిస్తే 5000. కిస్తు దాంట్లకెల్లి కట్టాలి. ఉన్ని వచ్చేది ఏడాదికి రెండు కోతల్లనే. కాబట్టి కోత టైంల కొని, కడిగి, పొడిగా నిల్వ చేయకపోతే మిషన్ ఖాళీగా ఉంటది. మిషన్ ఖాళీగా ఉన్నా వడ్డీ ఖాళీగా ఉండదు. అందుకే ఒక్క సంఘం ఒక్క మిషన్ అన్నది మాకు సరిగ్గా అనిపించలేదు. సమాఖ్య పేరు మీద ఒక్క మిషన్ ఉండాలి.

మా ఊరి పెద్దమ్మలు ఒక ప్రశ్న అడిగిండ్రు. మిషన్ వస్తే మా చేతుల పని ఏం కావాలె బిడ్డా అని. దానికి జవాబు చెప్పకుంట అప్పు తీసుకుంటే అది అభివృద్ధి కాదు. ఉన్నిని చేతితో పట్టి ముతక ఏది, మెత్తన ఏది, నలుపు ఏది, గోధుమ రంగు ఏది అని విడదీసేది వాళ్లే. ఆ పని ఏ మిషనూ చేయదు. మూడో మూట బాగా వచ్చిందంటే వాళ్లు ఏరి ఇచ్చినందుకే. కాబట్టి ఏరే పనికి కిలో లెక్కన కూలి పెట్టి, ఆ కూలిని ఏకుడు రేటులోనే కలపాలని మా సంఘం తీర్మానం చేసింది.

ఇంకొక మాట. మంచి మిషన్ వచ్చినా దానికి పెట్టే ఉన్ని ఉండాలి. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. మాంసం కోసమని మన మందలు కూడా అటే మారుతున్నయి. దక్కని గొర్రె సాకే ఇంటికి ఉన్ని ధర గిట్టుబాటు కాకపోతే కత్తిరించిన ఉన్నిని గట్టు మీదనే పారేస్తరు. మిషన్ తెచ్చే రోజే ఉన్ని కొనే ధర కూడా నిర్ణయం కావాలి.

సమాఖ్యను మేము మూడు అడుగుతున్నం. అడ్వాన్సు కట్టే ముందు మన ఉన్నితో తిప్పి చూపించాలని తీర్మానం రాయాలి. చూసి రావడానికి పోయే కమిటీలో వడికే మనిషి ఒకరు, ఏరే పెద్దమ్మ ఒకరు తప్పకుంట ఉండాలి. మిషన్ విప్పడం, బిగించడం, పళ్లు శుభ్రం చేయడం మన ఆడపిల్లలు ఇద్దరికి నేర్పిస్తేనే బిల్లు పూర్తిగా కట్టాలి. రిపేరుకు పట్నం నుంచి మనిషి వచ్చేదాక మన రాట్నాలు ఆగొద్దు.

ఉన్ని నమూనా మూటలు బయట బల్ల మీద పెట్టినం. పోయేటప్పుడు చేతితో పట్టి చూసి, మీకు తోచింది మా రిజిస్టర్ల రాయించి పొండ్రి.