కలం ఒకచోట, గీత ఒకచోట
(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఎనిమిదో తరగతి. అలాంటి నన్ను కంప్యూటర్ కలం గురించి మాట్లాడమన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. తప్పు చేసింది నేనే కదా!

మాది బరంపురం. మా పట్టుచీర అంటే కుంభం ఉండాలి. కుంభం అంటే మెట్లు మెట్లుగా ఎక్కే ఏటవాలు గీత. గ్రాఫులో నిలువు వరుస ఒక హుక్కు, అడ్డ వరుస ఒక పేక, ఒక్కో పేకకు ఒక్కో అట్ట. ఒక గడి పక్కకు జరిగిందా, కుంభం కొస వంకర. అట్టకు చిల్లు పడ్డాక మగ్గానికి తప్పు ఒప్పు తెలీదు, చెప్పినట్టే నేస్తుంది.

మా సంఘానికి తెర మీద కలంతో గీసే లాప్‌టాప్ వచ్చింది. డిజైన్ గీసేది మా అన్నయ్య మనవడు. ఠాకురాణి యాత్ర ముందు ఆర్డర్లు మీద పడ్డాయి. వాడు గీసిన కొంగు నేయించాం. కుంభాలన్నీ కుడికి వంగిపోయాయి. చీర తక్కువ ధరకు పోయింది. నేనేం చేశానంటే, అట్టల ఖర్చు వాడి జీతంలో కోశాను. "తాతా, నేను సరిగ్గానే పెట్టాను, గీతే పక్కన పడుతోంది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని నలుగురిలో అనేశాను.

నాలుగు రోజులకి వాడు లేనప్పుడు నేను వాడి చోట కూర్చుని గీసి చూశాను. నాకూ పక్కనే పడింది. లేచి నిలబడి గీశాను. సరిగ్గా పడింది! అప్పుడు వెలిగింది. లాప్‌టాప్ వచ్చిన రోజున తెర మీద గుర్తులు ముట్టి క్యాలిబ్రేషన్ చేసింది నేనే, బల్ల పక్కన నిలబడి. కలం ములుకు అద్దం పైన, బొమ్మ అద్దం కింద. పక్క నుంచి చూసి టేపు చదివితే కొలత తప్పదూ? ఇదీ అంతే. నిలబడ్డ నా కంటికి సరిపెట్టి, కూర్చుని గీసేవాడికి ఇచ్చాను.

దీనికి మందు ఇంతే. కంట్రోల్ ప్యానెల్లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్ తెరవండి. ముందు రీసెట్ నొక్కి పాత లెక్క తీసేయండి. తరవాత క్యాలిబ్రేట్ నొక్కి, కలం అని ఎంచుకోండి. గీసే మనిషే గీసే చోట కూర్చుని, రోజూ పట్టుకునే వాలులో కలం పట్టుకుని గుర్తులు ముట్టాలి. చివర సేవ్ చెయ్యడం మరవద్దు. సెక్రటరీ చెయ్యకూడదు.

అన్ని తప్పులూ దీనితో పోవు. గీత అంతటా ఒకే వైపు తప్పితే క్యాలిబ్రేషన్. తెర అంచుల్లోనే తప్పితే, పనిని తెర మధ్యకు జరుపుకుని గీయండి. కలం ఇక్కడ పెడితే గీత ఎక్కడో దూరంగా పడుతోందా, పెద్ద టీవీ గానీ తగిలించారేమో చూడండి. అదే సెట్టింగ్స్‌లో సెటప్ నొక్కితే కలం ఏ తెరదో అడుగుతుంది, చెప్పాలి.

గీత వణికితే వేరే కథ. స్కేలు పెట్టి మెల్లగా ఏటవాలు గీత గీయండి. ఛార్జర్ తీసేసి మళ్లీ గీయండి. తీశాక వణుకు తగ్గితే ఛార్జర్నీ, ప్లగ్గు ఎర్తింగునీ చూపించుకోండి. మన షెడ్లలో వైరింగ్ ఎలా ఉంటుందో నేను చెప్పాలా? రెండు మాట్లూ వణికితే ములుకు చూడండి, అరిగితే మార్చాలి. తెర మీద మందం ప్లాస్టిక్ అంటిస్తే తీసి చూడండి. మేము దుమ్ము పడుతుందని అంటించాం, అదీ నా తెలివే.

ఇంకోటి. తెర మీద నమ్మకం కుదిరినా, ఒక్క కుంభం కాగితం మీద అచ్చు తీసి గడులు లెక్కపెట్టాకే అట్టలకు పంపిస్తున్నాం. పెద్దతనం నేసే బావ లెక్కపెడతాడు, కుర్రాడు కాదు.

కోసిన డబ్బు వాడికి తిరిగి ఇచ్చాను. నలుగురిలో అన్న మాట కూడా నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని ఇక్కడ చెబుతున్నాను. వాడు మూడో వరసలో కూర్చున్నాడు. లాప్‌టాప్ తెచ్చాడు. మీ సంఘాల్లో కలం తప్పుతుంటే టీ అయ్యాక వాణ్ణి అడగండి, నన్ను కాదు.