కొంగ మెడ, వరి మెడ

 

నేను చదివింది ఇంజినీరింగ్. మాట్లాడబోయేది మాత్రం గుడ్డికొంగ గురించి, వరిలో అగ్గితెగులు గురించి. నవ్వకండి, రెండింటి పనితనం ఒకటే.

గుడ్డికొంగ మడి ఒడ్డున మట్టిరంగులో కలిసిపోయి, మెడ ముడుచుకుని కదలకుండా నిలబడుతుంది. మెడ ఎముకల్లో ఆరోది పొడవు. అందుకే మెడ అలా వంకీలా మడత పడుతుంది. కప్ప కదిలిందా, ఆ మడత ఒక్కసారి విడిపోయి ముక్కు దిగుతుంది.

అగ్గితెగులు తెచ్చే శిలీంధ్రమూ అంతే. గాలిలో వచ్చిన సిద్ధబీజం మంచుకు తడిసిన ఆకును పట్టుకుని, మొలకెత్తి, చిన్న గుమ్మటం కడుతుంది. గుమ్మటం గోడకు మెలనిన్ అనే నల్లటి పూత. లోపల గ్లిజరాల్ పేరుకుని నీటిని లాగుతుంటే ఒత్తిడి 80 బార్ల దాకా పోతుంది. మన కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర! ఆ ఒత్తిడితో సన్నటి మేకును ఆకులోకి దింపుతుంది. కంటికి కనపడని గోడ అంత బరువు ఆపడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొంగ దిగితే అందరికీ కనపడుతుంది. తెగులు దిగిన నాలుగైదు రోజులకు గానీ మచ్చ కనపడదు. మచ్చది నూలుకండె ఆకారం, మధ్యలో బూడిద రంగు. కండె ఎట్లుంటదో సిరిసిల్ల మిత్రులకు చెప్పక్కర్లేదు.

సాంబ మసూరి 1986లో విడుదలైంది. నేను పదో తరగతికి వచ్చేసరికి బాపు అదే వేశాడు. అగ్గితెగులును తట్టుకునే రకం కాదది. "బడికి పోయేముందు ఆకులు చూసి పో బిడ్డా" అనేవాడు. నేను ఒడ్డు మీద కూర్చుని కొంగలను చూసి, ఇంటికొచ్చి ఏం లేదని చెప్పేవాణ్ణి. పొలం ఈనింది. కంకుల మెడలు నల్లబడి విరిగాయి, గింజంతా తాలు. అప్పుడు మందు కొట్టాం. ఆ ఏడు బియ్యం కొనుక్కుని తిన్నాం.

ట్రైసైక్లజోల్ అనే మందు మెలనిన్‌ను తయారు కానివ్వదు. పూత లేని గోడ ఒత్తిడిని నిలపలేదు, మేకు దిగదు. దిగిన మేకును మాత్రం అది పీకలేదు. ఈ సంగతి నేను చదివింది ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్లకు. చదివిన వారమే ఊరికొచ్చి, ఆనాడు ఆకులు చూడలేదని బాపుతో చెప్పాను.

"నాకెరుకే గదరా" అన్నాడు. "కొంగల దిక్కు చూసుకుంట కూసుంటివి."