ఉప్పుచెరువు ఒడ్డున ఒక చిన్న ఇల్లు
(మన సంఘపు ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. వేపపూవు చేదును గూర్చి, బెల్లపు తీపిని గూర్చి ఏటేటా ఎవరో ఒకరు చెప్పుచునే యున్నారు. అందులోని ఉప్పును తలచువారు లేరు. కనుక ఉప్పు పక్షమున నాలుగు మాటలు మనవి చేయుదుము.

పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరమున ఎస్పరెన్స్ అను రేవు పట్టణము కలదు. 1792లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి ఓడ పేరే ఊరికి నిలిచినది. ఆ మాటకు ఆశ అని అర్థము. అంతకు ఎంతో ముందునుంచి అక్కడ నివసించు నూంగార్ జనులు ఆ తావును కేపా కుర్ల్ అందురు. ఊరికి పడమట, దగ్గరలోనే, ఒక ఉప్పుచెరువున్నది. పేరు పింక్ లేక్, అనగా గులాబి చెరువు.

అట్టి తీరమున సామాన్య సంసారి ఇల్లు మేడ కాదు. కొయ్య చట్రము, పలకల గోడలు, పైన ముడతల రేకు, ముందు వరండా, ప్రక్కన వాననీటి తొట్టి. ఎదుట చెరువున్నను గ్రుక్కెడు త్రాగుటకు పనికిరాదు గదా! అందుచేత రేకుమీద పడిన వాన గొట్టము వెంట తొట్టిలో చేరును. మనకు వానలు వచ్చు జూన్, జూలైలే వారికి చలికాలము, వానకాలము కూడాను. మధ్యాహ్న సూర్యుడు వారికి ఉత్తరమున నుండును గనుక చలిలో ఎండ కావలసినవారు గదిని ఉత్తరముఖముగా కట్టుదురు. మన వాస్తు సిద్ధాంతులు అక్కడ మరల ఓనమాలు దిద్దవలసినదే! ఉప్పుగాలికి మేకులు, రేకులు తుప్పు పట్టును. రెండవ యుద్ధము తరువాత చవకయని ఎందరో ఆస్బెస్టాస్ రేకులతో గోడలు కట్టుకొన్నారు. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చునని తేలి, 2003 చివర ఆ దేశమంతట నిషేధించిరి.

ఇక చెరువు రంగు. మిక్కిలి ఉప్పైన నీటిలో డునాలియెల్లా అను సూక్ష్మమైన నాచు పెరిగి, కారెట్ దుంపకు రంగునిచ్చు పదార్థమునే తయారుచేయును. నీటి గులాబి వన్నెకు అది ఒక కారణము. ఉప్పు తగ్గిన వన్నె పోవును. ఈ చెరువున అదే జరిగినది. 1896 మొదలు 2007 వరకు ఉప్పు తవ్వుకొనిరి. అదిగాక పెద్ద రోడ్డు, రైలు మార్గము అడ్డుపడి నీరు వచ్చు పాత దారులు మారినవి. కొన్నేండ్లుగా చెరువు గులాబిగా లేదు.

రైల్వే గుమాస్తాలమైన మాకు ఇది చదివినప్పుడు మనస్సు చివుక్కుమన్నది. పట్టాలు మనకు అన్నము పెట్టినవి, మనవారిని ఈ ఒరిస్సా దేశమునకు తెచ్చినవి. కాని కట్ట వేయునప్పుడు క్రింద నీరు పోవు త్రోవ చూడకున్న, దాని ఫలము ప్రక్క ఇంటివాడు తరతరములు అనుభవించును.

అయినను నిరాశ వలదు. మన చిలక సరస్సు సంగతి చూడండి. ముఖద్వారము పూడి, ఉప్పు తగ్గి, చేపలు క్షీణించినవి. 2000 సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త ద్వారము తెరచిరి. ఉప్పు వచ్చినది, చేపలు వచ్చినవి, జాలరుల ఇండ్లలో పొయ్యి వెలిగినది.

చేదు తీపులవలె ఉప్పు కూడ తగుపాటిగా ఉండవలెను. ఈ నూతన సంవత్సరమున మన ఇండ్లలోను, మన ఇరుగుపొరుగు నీళ్ళలోను అది తగుపాటిగా ఉండుగాక అని ప్రార్థించుచు సెలవు తీసుకొనుచున్నాము.